ఒర గట్టిదైతే చాలదు, పట్టు గట్టిదై ఉండాలి
కత్తి ఒరను తోలు పట్టీతో నడుము బెల్టుకు బిగించే విధానం

పల్లె జీవనంలో కత్తి నిత్యావసరమైన పనిముట్టు. గట్టు మీద కంప కొట్టడానికీ, పశువులకు మేత తరగడానికీ, కొబ్బరి మట్టలు దించడానికీ, తాళ్ళు కోయడానికీ రైతు కుటుంబాలు ప్రతిదినమూ దానిని వాడుతూనే ఉంటాయి. పూర్వం మన పెద్దలు చిన్న కత్తిని మొలతాడుకో, పంచెపై బిగించిన దట్టిలోనో దోపుకొనేవారు. దట్టి పోయి ప్యాంటు, బెల్టు వచ్చిన తరువాత కత్తికి సరైన తావు లేకుండా పోయింది. కొందరు వట్టి కత్తిని బెల్టు వెనుక దోపుకొంటున్నారు. మరికొందరు అట్టముక్క చుట్టి జేబులో పెట్టుకొంటున్నారు. బజారులో దొరికే రెగ్జిన్ ఒరను కొని సంతృప్తి పడేవారూ ఉన్నారు. ఈ మూడు పద్ధతులూ ప్రమాదకరమైనవే.

ఒరను గురించి ఆలోచించేవారు సాధారణంగా దాని తోలును, కుట్టును, అందాన్ని చూస్తారు. ఆ ఒర బెల్టుకు ఎక్కడ, ఏ విధంగా పట్టి ఉన్నదన్న విషయాన్ని పట్టించుకోరు. వాస్తవానికి ప్రమాదాలకు మూలం ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఒర ఎంత దృఢంగా ఉన్నా, దానిని బెల్టుకు కలిపే లూపు తిరిగిపోతే కత్తి మొన కడుపు వైపో తొడ వైపో మళ్ళుతుంది. ఒర నోరు వదులైతే మనిషి వంగినప్పుడు కత్తి జారి పాదం మీద పడుతుంది. చెట్టు మీద ఉన్నవాని నడుము నుండి జారిన కత్తి క్రింద నిలబడిన వానికి ప్రాణాంతకం కావచ్చు. కనుక ఒరకూ బెల్టుకూ మధ్య ఉండే ఆ చిన్న తోలు పట్టీని గురించి ఈ వ్యాసంలో వివరంగా తెలుసుకొందాం.

ఒకే మాట, నాలుగు ఎల్లలు

సరిహద్దు గ్రామాలలో చర్మకారుని వద్దకు వెళ్ళినప్పుడు మాట తెలియక ఇబ్బంది పడనవసరం లేదు. మన ‘ఒర’ కన్నడంలో ‘ఒరె’, తమిళంలో ‘ఉరై’. ఈ మూడూ ఒకే మూలం నుండి పుట్టిన మాటలు. మరాఠీలో దీనిని ‘మ్యాన’ అంటారు. ఒడియాలో ‘ఖాప’ అంటారు. బాగేపల్లిలో గానీ, హోసూరులో గానీ, దెగ్లూరులో గానీ, పర్లాకిమిడిలో గానీ ఈ మాట చెప్పి కత్తిని చేతికిస్తే పనివానికి విషయం అర్థమవుతుంది. అయితే బెల్టు లూపు ఎలా ఉండాలో మాత్రం మనమే తెలిసి చెప్పాలి. చెప్పులు కుట్టే వృత్తిదారులలో చాలామంది ఒరలు కుట్టడం అరుదు కావడమే అందుకు కారణం.

మన చుట్టూ ఉన్న మూడు నమూనాలు

కత్తిని శరీరానికి కట్టుకొనే పద్ధతులు ఒక్కొక్క సమాజంలో ఒక్కొక్క విధంగా రూపొందాయి. సరిహద్దు జిల్లాల వారికి కన్నులారా చూసే అవకాశం ఉన్న రెండింటినీ, ప్రసిద్ధమైన మరొక దానినీ పరిశీలిస్తే లూపు రహస్యం బోధపడుతుంది.

మొదటిది కర్ణాటకలోని కొడగువారి పద్ధతి. వారి ఒడికత్తి వెడల్పైన, వంపు తిరిగిన పెద్ద కత్తి. దానిని మూసిన ఒరలో పెట్టరు. నడుము పట్టీకి వెనుక వైపున ‘తోడంగ’ అనే ఇత్తడి పట్టు ఉంటుంది. కత్తిని అందులో నిలుపుతారు. చిన్నదైన పీచెకత్తిని మాత్రం ఒరతో సహా ముందువైపు నడుముకు చుట్టిన పట్టు దట్టిలో దోపుతారు. పెద్ద కత్తి వెనుకకు, చిన్న కత్తి ముందుకు అన్న విభజనలో ఔచిత్యం ఉంది. వంపు, వెడల్పు ఉన్న అలుగు మూసిన ఒరలో సులభంగా ఇమడదు.

రెండవది నాందేడ్‌లో కనిపించేది. అక్కడి తఖ్త్ శ్రీ హజూర్ సాహిబ్‌ను దర్శించే సిక్కులు కృపాణాన్ని ‘గాత్ర’ అనే భుజపట్టీకి వ్రేలాడదీస్తారు. బరువు నడుము మీద కాక భుజం మీద పడుతుంది. కూర్చున్నా, వంగినా పట్టీ శరీరంతో పాటు కదులుతుంది.

మూడవది గూర్ఖాల ఖుక్రీ. దీని ఒర లోపల కొయ్య, పైన తోలు. ఆ ఒరకు నేరుగా లూపు కుట్టరు. ఒర మెడను గట్టిగా చుట్టి పట్టుకొనే వేరొక తోలు తొడుగు ఉంటుంది. దానిని త్రాటితో అల్లి బిగిస్తారు. బెల్టు లూపులు ఆ తొడుగుకే ఉంటాయి. లూపు అరిగిపోతే ఒరను పాడుచేయకుండా తొడుగును మాత్రమే మార్చుకోవచ్చు.

ఈ మూడింటినీ చూస్తే ఒక సూత్రం స్పష్టమవుతుంది. కత్తి ఆకారం, మనిషి చేసే పని, బరువు పడే చోటు అనే మూడింటినీ బట్టి పట్టును నిర్ణయించాలి. ఒకరి బెల్టుకు నప్పినది మరొకరికి నప్పకపోవచ్చు.

తోలును గుర్తించడం

ఒరకు పనికివచ్చేది చెట్టు బెరడుతో శుద్ధి చేసిన గట్టి తోలు. పూర్వం మన గ్రామాలలో లందె గుంతలలో సున్నంతో వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వంటివాటితో తోలును ఊనేవారు. కిర్రు చెప్పులకు వాడినది ఆ తోలే. మహారాష్ట్రలోనూ, ఉత్తర కర్ణాటకలోనూ తయారయ్యే కొల్హాపురి చెప్పులకు నేటికీ ఇటువంటి తోలునే వాడుతున్నారు. తమిళనాడులోని రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి పట్టణాలు తోలు శుద్ధికి ప్రసిద్ధమైనవి. చిత్తూరు సరిహద్దు వారికి అవి దగ్గర.

క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు మెత్తగా ఉంటుంది. సంచులకు, బూట్ల పైభాగానికి అది శ్రేష్ఠం. ఒరకు మాత్రం పనికిరాదు, తడిపి అచ్చు ఒత్తినా ఆ ఆకారం నిలవదు. రెంటినీ గుర్తించడం సులభమే. తోలును కోసి అంచును చూడాలి. బెరడుతో ఊనిన తోలు లోపలంతా గోధుమరంగులో ఉంటుంది. క్రోమియం తోలు మధ్యభాగం తరచుగా నీలి బూడిదరంగులో కనిపిస్తుంది. రంగు వేయని తోలు మీద నీటి చుక్క వేస్తే బెరడు తోలు దానిని పీల్చుకొని ఆ చోట నల్లబడుతుంది. ఇక రెగ్జిన్ గుడ్డపై పూసిన ప్లాస్టిక్ పూత మాత్రమే. కత్తి మొన దానిని సులభంగా చీల్చుకొని బయటికి వస్తుంది.

అలుగు 5, 6 అంగుళాలున్న సాధారణ కత్తికి 3 నుండి 4 మిల్లీమీటర్ల మందమున్న తోలు సరిపోతుంది. లూపుకు 3 మిల్లీమీటర్లు చాలు. అంతకంటే పలుచనైనది కొద్ది నెలలలోనే సాగిపోతుంది. పొట్ట భాగపు తోలు సాగే గుణం కలది. లూపుకు వీపు భాగపు తోలునే అడగాలి.

లూపు రకాలు

బెల్టుకు ఒరను కలిపే పద్ధతులు ప్రధానంగా నాలుగు.

మడత లూపు: ఒర వెనుక ముక్కనే పైకి పొడిగించి, వెనుకకు మడిచి కుట్టడం. అతుకు ఒక్కటే ఉంటుంది కనుక ఇది అన్నింటికంటే దృఢమైనది, చవకైనది. పొలం పనికి ఇదే ఉత్తమం. అయితే బెల్టును విప్పితే గానీ ఒరను తీయలేము.

వ్రేలాడే లూపు: బెల్టుకు ఒక తోలు లూపు, ఒరకు మరొక లూపు, రెండింటి మధ్య లోహపు వలయం. ట్రాక్టరు మీద గానీ ఎడ్లబండి మీద గానీ కూర్చునేవారికి ఇది అనుకూలం. ఒర తనంతట తాను పక్కకు తప్పుకొంటుంది. పిడి ప్రక్కటెముకలకు గుచ్చుకోదు. కాని పరుగెత్తేటప్పుడు, చెట్టు ఎక్కేటప్పుడు ఊగుతుంది. కనుక చెట్టు ఎక్కేవారు దీనిని వాడరాదు.

అడ్డ లూపు: ఒరకు రెండు ప్రక్కలా చీలికలుంచి, బెల్టును వాటి గుండా పోనివ్వడం. ఒర నడుముకు అతుక్కొని కదలకుండా ఉంటుంది. చిన్న కత్తులకు మాత్రమే ఇది తగినది.

గుండీ లూపు: టిచ్ బటన్‌తో మూసి తెరిచే పట్టీ. బెల్టు విప్పకుండానే ఒరను తీయవచ్చు. సౌకర్యమే గాని, గుండీ వదులైన నాడు ఒరతో సహా కత్తి పోతుంది. బరువైన కత్తికి దీనిని నమ్మరాదు.

మడత లూపును కుట్టే క్రమం

ఇంటిలో కుట్టుకొనేవారికీ, దగ్గర నిలబడి కుట్టించుకొనేవారికీ ఉపయోగపడేటట్లు మడత లూపు తయారీని క్రమంగా వివరిస్తున్నాము.

మొదట బెల్టును కొలవాలి. పని బెల్టు వెడల్పు 40 మిల్లీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు అనుకొందాం. లూపు లోపలి ఎత్తు 44 మిల్లీమీటర్లు ఉంటే బెల్టు సులువుగా దూరుతుంది, ఒర ఎక్కువగా ఊగదు. పైకి 44, మడత వద్ద 8, తిరిగి క్రిందికి 44, కుట్టు పడే భాగం 35. మొత్తం సుమారు 130 మిల్లీమీటర్లు ఒర నోటి నుండి పైకి పొడిగింపు ఉండాలి. చాలామంది కుట్టు భాగాన్ని లెక్కలోకి తీసుకోక పొట్టిగా కోస్తారు. అందువల్ల ముందుగా దళసరి కాగితం మీద కత్తిరించి, మడిచి, బెల్టుకు తొడిగి చూసిన తరువాతే తోలును కోయాలి.

లూపు వెడల్పు ఒర నోటి వెడల్పుకు దాదాపు సమానంగా ఉండాలి. సన్నని లూపు బెల్టు మీద ఇటూ అటూ తిరుగుతుంది. 35 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవడం మంచిది.

మడత పడే చోట తోలును నీటితో తడిపి, నునుపు వైపు బయటకు ఉండేటట్లు మెల్లగా వంచాలి. పొడిగా ఉన్నప్పుడు వంచితే తోలు పైపొర పగులుతుంది. ఆ పగులు నుండే కొంతకాలానికి లూపు తెగుతుంది.

తరువాతి మెట్టు మిక్కిలి ముఖ్యమైనది. ఒర రెండు ముక్కలనూ కలిపి కుట్టడానికి ముందే లూపును వెనుక ముక్కకు కుట్టివేయాలి. ఒర మూసుకొన్న తరువాత లోపలికి సూది చేరదు. అప్పుడు పనివారు వేరు దారి లేక రెండు రివిట్లు కొట్టి పంపిస్తారు. ఆ రివిట్ల తలలు లోపల అలుగుకు రాసుకొని పదునును చెడగొడతాయి.

కుట్టు భాగాన్ని ముందు సొల్యూషన్‌తో అతికించి, నాలుగు వైపులా పెట్టె ఆకారంలో కుట్టాలి. ఒక్క వరుస కుట్టు సరిపోదు; బరువంతా పై వరుస మీద పడి అది తెగితే ఒర మొత్తం ఊడిపోతుంది. అంచు నుండి 4 మిల్లీమీటర్లు లోపలగా సన్నని గాడి తీసి, ఆ గాడిలో ఆరెతో 4, 5 మిల్లీమీటర్లకు ఒక రంధ్రం చొప్పున పొడవాలి. గాడిలో దిగిన దారం అలుగుకు తగలదు, బట్టకూ రాసుకోదు.

రెండు సూదుల కుట్టు

దారం మైనం పట్టించిన దళసరి నూలుదైనా, నైలాన్‌దైనా కావచ్చు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోనూ ఎదురెదురుగా దూర్చి లాగాలి. జీనులు కుట్టేవారి పద్ధతి ఇది. కుట్టుమిషను మీద పై దారం, క్రింది దారం తోలు మధ్యలో ఒకదానినొకటి మెలిపెట్టుకొని నిలుస్తాయి. ఒకచోట తెగితే ఇరుప్రక్కలా కుట్లు వదులైపోతాయి. రెండు సూదుల కుట్టులో ప్రతి రంధ్రం గుండా రెండు దారాలు పోతాయి కనుక ఒక కుట్టు తెగినా ప్రక్క కుట్లు పట్టు విడువవు. చివర రెండు మూడు కుట్లు వెనుకకు వేసి ముగించాలి.

రివిట్లు వాడదలచినవారు ఇత్తడివి గానీ రాగివి గానీ వాడాలి. ఇనుప రివిట్లు బెరడు తోలును నల్లగా మారుస్తాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన ద్రవంతో నల్లని గీత తెప్పించేది ఈ గుణమే. అక్కడ అది అలంకారం. ఒర మీద మాత్రం ఇనుము తుప్పు పట్టి, చుట్టూ ఉన్న తోలు పెళుసెక్కి, రంధ్రం పెద్దదై రివిట్ ఊడిపోతుంది.

లోపలి పట్టీని మరువరాదు

లూపు పూర్తయిన తరువాత ఒర ముక్కలను కలుపుతారు. పదును పడే ప్రక్కన రెండు ముక్కల నడుమ సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పు, 3 నుండి 4 మిల్లీమీటర్ల మందం గల తోలు పట్టీని పెట్టి మూడింటినీ కలిపి కుట్టాలి. ఇది లేని ఒర పైకి అందంగానే ఉంటుంది. కాని కత్తిని పెట్టిన ప్రతిసారీ పదును నేరుగా దారానికి తగిలి, ఒక్కొక్క కుట్టే తెగుతూ వస్తుంది. ఒకనాడు ఒర ప్రక్కకు విచ్చుకొని అలుగు బయటపడుతుంది. బజారు ఒరలలో చాలావాటికి ఈ లోపలి పట్టీ ఉండదు. కొనేముందు ఒర అంచును చూసి పొరలు లెక్కపెట్టాలి. మూడు పొరలుంటే కొనవచ్చు, రెండే ఉంటే విడిచిపెట్టడం మేలు.

ఒర లోతు అలుగు కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. పిడిలో 25 నుండి 40 మిల్లీమీటర్ల భాగం కూడా ఒర నోటిలోకి దిగాలి. కత్తిని నిలిపేది ఆ బిగువే. అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రం ఉంచాలి.

అచ్చు ఒత్తడం, పరీక్షించడం

కుట్టు పూర్తయిన ఒరను గోరువెచ్చని నీటిలో కొద్ది నిమిషాలు నానబెట్టి తీయాలి. కత్తికి నూనె రాసి, పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఒరలోకి దించాలి. తడి తోలును వ్రేళ్ళతో పిడి చుట్టూ ఒత్తుతూ పోతే ఆకారం వస్తుంది. కత్తిని మెల్లగా తీసి, ఒరను నీడలో ఒక దినం ఆరనివ్వాలి. ఎండలో గానీ పొయ్యి దగ్గర గానీ ఆరబెడితే తోలు ముడుచుకొని బిరుసెక్కుతుంది.

ఆరిన తరువాత మూడు పరీక్షలు చేయాలి. మొదటిది: మెత్తని నేల మీదుగా ఒరను తలక్రిందులుగా పట్టి విదిలించాలి. కత్తి జారరాదు. రెండవది: లూపులో బెల్టు దూర్చి, ఒరను చేతితో బలంగా క్రిందికి లాగాలి. కుట్టు వద్ద సందు కనిపించరాదు. మూడవది: బెల్టు కట్టుకొని, కత్తికి బదులు అదే పొడవున్న కొయ్యముక్క పెట్టి కూర్చోవాలి, వంగాలి, గొంతుకూర్చోవాలి. మొన శరీరం వైపు తిరుగుతున్నా, పిడి ప్రక్కటెముకలకు పొడుచుకొంటున్నా లూపు ఎత్తును మార్చాలి.

పిడికి అడ్డంగా గుండీ పట్టీ పెట్టించుకొనేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పట్టీ పిడి నడుముకు రావాలి. అలుగుకు దగ్గరగా ఉంటే కత్తిని దూసినప్పుడు పదునే పట్టీని కోసివేస్తుంది.

నడుము మీద ఎక్కడ ఉండాలి?

కుడిచేతి వాటం వారికి కుడి తుంటి ఎముకకు కొంచెం వెనుకగా ఉండడం శ్రేయస్కరం. నాభిని గడియారంలో పన్నెండుగా భావిస్తే నాలుగు గంటల స్థానమన్నమాట. ఎడమచేతి వాటం వారికి ఎనిమిది గంటల స్థానం.

ముందువైపు ఎందుకు వద్దంటే, మనిషి వంగినప్పుడు ఒర మొన తొడ మొదలుకు ఆనుతుంది. అక్కడ కాలికి రక్తాన్ని తీసుకుపోయే పెద్ద ధమని చర్మానికి దగ్గరగా ఉంటుంది. దానికి గాయమైతే కొద్ది నిమిషాలలోనే ప్రాణాపాయం కలుగుతుంది. నడివీపున ఎందుకు వద్దంటే, వెల్లకిల పడినప్పుడు గట్టి పిడి వెన్నెముకకు తగులుతుంది. కొడగువారు ఒడికత్తిని వీపున ధరిస్తారు గదా అని కొందరు అడగవచ్చు. వారి కత్తి ఆకారం వేరు, పట్టు వేరు. నేడు అది ప్రధానంగా వేడుకల వేషధారణలో భాగం. చెట్టు ఎక్కే రైతు దానిని అనుకరించనవసరం లేదు.

చెట్టు ఎక్కేవారికి ప్రత్యేక సూచన

తాటిచెట్లు ఎక్కే గీత కార్మికులకూ, కొబ్బరి తోటలలో పనిచేసేవారికీ ఒర విషయం మరింత ముఖ్యం. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు భద్రతా సామగ్రి పంపిణీని ప్రారంభించింది. మనిషి జారినా నేలపై పడకుండా పట్టుకొనే ఉద్దేశంతో రూపొందించిన సామగ్రి అది. సరిహద్దుకు ఈవలి గ్రామాలవారు తాటితోటలకు మోకుతో వెళ్ళినా, కొత్తరకం నడుము పట్టీతో వెళ్ళినా ఒకటే సూత్రం గుర్తుంచుకోవాలి. కత్తిని ప్రాణాలు నిలిపే త్రాడుకు గానీ, ఆ త్రాడు తగిలించిన పట్టీకి గానీ కట్టరాదు. దానికి వేరే బెల్టు ఉండాలి. త్రాడు రాసుకొనే ప్రక్కన కాక రెండవ ప్రక్కన ఒర ఉండాలి. ఒరలో నుండి పదును కొద్దిగా బయటపడినా, బరువుతో బిగిసి ఉన్న త్రాడును అది క్షణంలో కోయగలదు.

కొడవలి వంటి వంపు కత్తులు మూసిన ఒరలో పట్టవు. వాటికి ఒక ప్రక్క తెరిచి ఉండే ఒర కుట్టించి, తెరిచిన వైపు పిడికి రెండు పట్టీలు బిగించుకోవాలి. లేదా వాటిని నడుముకు కట్టుకొని ఎక్కక, సంచిలో పెట్టి త్రాటితో పైకి లాక్కోవాలి.

పాత ఒరకు కొత్త లూపు

ఒర బాగుండి లూపు మాత్రమే తెగిన సందర్భాలు చాలా ఉంటాయి. అప్పుడు ఒరకు రంధ్రాలు పొడిచి రివిట్లు కొట్టించకూడదు. ఖుక్రీ తొడుగును ఇక్కడ ఆదర్శంగా తీసుకోవాలి. ఒర మెడ చుట్టుకొలతకు సరిపడే 60, 70 మిల్లీమీటర్ల వెడల్పు తోలు ముక్కకు ముందుగా లూపు కుట్టి, ఆ ముక్కను తడిపి ఒర మెడకు చుట్టి, రెండు అంచులనూ తోలు త్రాటితో అల్లి బిగించాలి. ఆరేకొద్దీ అది మరింత బిగుస్తుంది. ఒర పైన వెడల్పు, క్రింద సన్నం కనుక తొడుగు పైకి పోదు; ఒర క్రిందికి జారదు.

పోషణ

ఒరకు సంవత్సరానికి రెండు మూడు మార్లు ఆముదం పలుచగా రాసి గుడ్డతో తుడవాలి. మన పెద్దలు చెప్పులకు ఆముదం పట్టించినది ఇందుకే. అయితే చెప్పుకు నానబెట్టినట్లు ఒరకు పట్టించరాదు. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి అచ్చు పోతుంది, కత్తి వదులవుతుంది. వానకాలంలో బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి గాలి తగిలే నీడలో వ్రేలాడదీయాలి.

పని లేని రోజులలో కత్తిని ఒరలో ఉంచరాదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఆ తేమ, తోలులోని ఆమ్ల గుణం కలిసి ఇనుమును తుప్పు పట్టిస్తాయి. కత్తికి నూనె రాసి వేరుగా, పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి. లూపు మడతను, పై వరుస కుట్టును నెలకొకమారు వేలితో తడిమి చూడాలి. పగులు గానీ, లేచిన దారం గానీ కనిపిస్తే వెంటనే బాగుచేయించాలి.

చట్టం ఏమంటుంది?

ఎల్ల దాటి రోజూ పోయివచ్చే కుటుంబాలు ఈ విషయం తెలుసుకోవాలి. 1959 నాటి ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒక్కటే. దాని క్రింది నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు గానీ, 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న అలుగుగల కత్తులు ఆయుధాల కోవలోకి వస్తాయి. ఇంటిపనికీ, వ్యవసాయానికీ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకూ రూపొందినవాటికి మినహాయింపు ఉంది. మీ పని కత్తి వ్యవసాయపు పనిముట్టే. అయినప్పటికీ పొలంలో పనిముట్టుగా కనిపించేది సంతలో, తిరునాళ్ళలో, బస్సులో, పోలింగు కేంద్రం వద్ద అలా కనిపించదు. పని ముగియగానే ఒరతో సహా బెల్టు నుండి తీసి సంచిలో పెట్టుకోవడం మర్యాద, క్షేమం కూడా. తరచుగా ఊళ్ళోకి వెళ్ళివచ్చేవారు వలయంతో వ్రేలాడే లూపును ఎంచుకొని, ఆ వలయాన్ని తెరిచి మూసేదిగా పెట్టించుకొంటే బెల్టు విప్పే శ్రమ తప్పుతుంది.

చివరి మాట

మంచి తోలు ముక్క, మైనం పట్టించిన దారం, రెండు సూదులు, ఒక ఆరె, ఒక పూట ఓపిక ఉంటే ఈ పని పూర్తవుతుంది. చేతకానివారు ఊరి చర్మకారునికి ఈ కొలతలు చెప్పి చేయించుకోవచ్చు. ప్లాస్టిక్ చెప్పులు వచ్చిన తరువాత పని తగ్గిన ఆ వృత్తిదారులకు ఇది నాలుగు రూపాయల ఆదాయం కూడా. పని ఇచ్చేటప్పుడు మూడు మాటలు మాత్రం తప్పక చెప్పండి: లూపును ముందు కుట్టమని, పెట్టె ఆకారంలో కుట్టమని, పదును ప్రక్కన లోపలి పట్టీ పెట్టమని. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. ఒక్క కత్తి కూడా పట్టు లేని ఒరలో క్షేమంగా ఉండదని పనిచేసే చేతులకు తెలియాలి.